పాఠము చెప్పేవారికి పరీక్ష

ఇల్లు కొనే మనిషి తన జీవితములోని అతి పెద్ద బేరము చేస్తున్నాడు. ఆ బేరములో అమ్మేవారికీ కొనేవారికీ నడుమ నిలిచేవాడు మధ్యవర్తి. మన వైపు ఆయనను బ్రోకరు అంటాము, దళారి అంటాము. ఆ మాట పలికేటప్పుడు మన కంఠములో గౌరవము ఒక పాలు తగ్గుతుందన్నది కూడా ఒప్పుకొనవలసిన సంగతే. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మాత్రము ఈ పనికి దిగదలచినవారు తరగతిలో కూర్చుని పాఠాలు వినవలసి ఉంటుంది. పరీక్ష ఇచ్చి, ప్రభుత్వము వద్ద లైసెన్సు పుచ్చుకొనవలసి ఉంటుంది. ఆ పాఠాలు న్యూయార్కు రాష్ట్రములో 77 గంటలు, ఫ్లారిడాలో 63, కాలిఫోర్నియాలో 135, టెక్సాసులో 180. మన పల్లెల్లో పొలము గట్టు మీద కూర్చుని బేరము కుదిర్చే పెద్దమనిషికి ఈ లెక్క చెబితే నవ్వుకుంటాడు.

ఆమధ్య డల్లాసు నుంచి సెలవులకు వచ్చిన మా పినతండ్రి గారి కోడలు తాను ఈ చదువు చదివి లైసెన్సు సంపాదించిన వైనము చెప్పుకొచ్చినది. “ఎవరమ్మా మీకు పాఠాలు చెప్పినది?” అని అడిగినాను. “ఇరవై ఏళ్లు ఇళ్లు అమ్మిన ఆయన, బావగారూ. ఆయనకు తెలియని వీధి లేదు” అన్నది. “మరి ఆయనకు ఎవరు చెప్పారు?” అంటే నవ్వి, “ఆ సంగతి మేము అడగలేదు, బావగారూ” అన్నది.

అడగదగిన సంగతే. అమెరికా దేశము కూడా దానిని చాలాకాలము అడగలేదు. అడగడము మొదలుపెట్టిన తరువాత కూడా సగమే అడిగినది. ఆ కథ చెప్పడానికే ఈ ప్రసంగము.

పంతొమ్మిదవ శతాబ్దము చివరి దశాబ్దాలలో అమెరికా నగరాలు ఊహకు అందని వేగముతో పెరిగినవి. నిన్నటి మొక్కజొన్న చేను నేటికి వీధి అయ్యేది. అటువంటి చోట భూమిని అమ్మిపెట్టేవారికి కొదవ ఉండదు. ఆఫీసు లేదు, లెక్కల పుస్తకము లేదు, రేపు ఉదయము ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు. అటువంటివారు పేవుమెంటు మీద నిలబడి స్థలాలు అమ్మేవారు. బీడు భూమికి తోట బొమ్మ వేసి చూపడము, ఒకే స్థలాన్ని ఇద్దరికి అంటగట్టడము, బయానా పుచ్చుకుని మాయము కావడము మనకూ తెలియని విద్యలు కావు. ఈ మనుషుల వల్ల తమ పేరు కూడా చెడిపోతున్నదని బాధపడిన కుదురైన వ్యాపారులు 1908లో షికాగో నగరములో ఒక జాతీయ సంఘముగా ఏర్పడినారు. 1913లో తమకు తాము ఒక నీతి నియమావళి వ్రాసుకున్నారు. 1916లో మినియాపొలిసు వాసి చార్లెస్ చాడ్‌బోర్న్ సూచన మేరకు ‘రియల్టర్’ అన్న కొత్త మాటను తమ సభ్యులకు మాత్రమే చెందే బిరుదుగా స్వీకరించినారు. ఆ మాట ఈనాడు మన హైదరాబాదులో, విజయవాడలో ఎవరు పడితే వారు బోర్డుల మీద వ్రాసుకుంటున్నారు. అది ఒక సంఘము కాపాడుకునే సొంత చిహ్నమని వారిలో ఎందరికి తెలుసునో!

సంఘానికి చేరనివారిని దారికి తేవాలంటే చట్టము కావలెను. కాలిఫోర్నియా శాసనసభ 1917లో ఈ వృత్తికి లైసెన్సు విధిస్తూ చట్టము చేసినది. న్యాయస్థానము అది రాజ్యాంగ విరుద్ధమన్నది. లోపాలు దిద్ది 1919లో మళ్లీ చేసినారు; ఈసారి ఆ రాష్ట్రపు సుప్రీము కోర్టు ఒప్పుకున్నది. టెనెసీ రాష్ట్రపు చట్టము వాషింగ్టనులోని సుప్రీము కోర్టు దాకా వెళ్లి 1922లో నెగ్గినది. అక్కడి నుంచి ఒక్కొక్క రాష్ట్రమే ఈ దారి పట్టినది. ఈ తొలి చట్టాలు ముఖ్యముగా చూసినది దరఖాస్తుదారు నడవడిని. అతడు నిజాయతీపరుడని పెద్దమనుషులు పలికితే చాలును. ఏమి చదివినాడన్న ప్రశ్నకు ఇంకా వేళ కాలేదు.

చదువు మరొక ద్వారము గుండా వచ్చినది. క్రైస్తవ యువజన సంఘము, అంటే వై.ఎం.సి.ఎ., నగరాలలో పగలు పని చేసుకునే యువకుల కోసము సాయంకాలపు తరగతులు నడిపేది. టైపు, లెక్కలు, మోటారు మరమ్మతులతో పాటు ఇరవయ్యవ శతాబ్దము తొలి సంవత్సరాల నుంచి అక్కడ స్థిరాస్తి వ్యాపారము కూడా పాఠ్యాంశమైనది. పాఠము చెప్పేవారు ఎవరు? ఆ ఊళ్లో పేరున్న బ్రోకరు. పగలు స్థలాలు అమ్మి, సాయంకాలము తాను అమ్మిన తీరు చెప్పేవాడు. అది అనుభవమే కాని శాస్త్రము కాదని సంఘము పెద్దలకు వెలితిగా తోచినది. వైద్యునికి, న్యాయవాదికి ఉన్న గౌరవము తమకు రావాలంటే విశ్వవిద్యాలయపు ముద్ర కావాలని వారు గ్రహించినారు.

ఆ ముద్ర వేసిన మహాపండితుడు రిచర్డ్ ఈలీ. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రాచార్యుడు. అమెరికాలోని అర్థశాస్త్రవేత్తల సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడు. 1920లో ఆయన భూమి అర్థశాస్త్ర పరిశోధనకు ఒక సంస్థ నెలకొల్పినాడు. 1925లో అది షికాగో వైపున ఉన్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి తరలినది. ఈలీ సంస్థ, వ్యాపారుల జాతీయ సంఘము, వై.ఎం.సి.ఎ. పాఠశాలలు కలిసి 1923 ప్రాంతములో దేశమంతటికీ పనికివచ్చే ఒక పాఠ్యక్రమాన్ని రూపొందించినవి. దానికి కావలసిన గ్రంథాలు వరుసగా వెలువడినవి. ఎర్నెస్ట్ ఫిషర్ వ్రాసిన స్థిరాస్తి వ్యాపార సూత్రాల గ్రంథము 1923లోను, ఫ్రెడరిక్ బాబ్‌కాక్ వ్రాసిన మదింపు గ్రంథము 1924లోను వచ్చినవి. ఫిషర్ తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైనాడు. అంటే, ఉపాధ్యాయునికి ఏ యోగ్యతలు ఉండాలని మనము కోరుకుంటామో ఆ యోగ్యతలన్నీ వీరికి ఉన్నవి: విద్వత్తు, అనుభవము, పరిశోధన. ఏ పరీక్షా సంఘము ముందు నిలబడినా వీరు మొదటి శ్రేణిలో నెగ్గేవారే.

ఇంతకూ వారి పాఠము ఏమిటి?

భూమి విలువ కట్టడములో నేల తీరు, వీధి వెడల్పు, ట్రాము దూరము చెప్పినారు, బాగున్నది. వాటితో పాటు, ఒక వీధిలోకి ఫలానా జాతివారు ప్రవేశిస్తే ఆ వీధిలోని ఇళ్ల విలువ పడిపోతుందని కూడా చెప్పినారు. దీనికి పరిశోధన ఏదీ ఆధారము చూపలేదు. అందరూ చూస్తున్నదే కదా అన్న ధోరణిలో వ్రాసినారు. బ్రోకర్ల కాఫీ బల్ల వద్ద పుట్టిన మాట పాఠ్యగ్రంథములోకి ఎక్కగానే సూత్రమైపోయినది; సూత్రము పరీక్షలో ప్రశ్న అయినది; ప్రశ్నకు జవాబు వ్రాసినవాడు ఆ జవాబునే వృత్తిగా ఆచరించినాడు. 1924లో జాతీయ సంఘము తన నీతి నియమావళిలోనే ఒక నిబంధన చేర్చినది: ఇళ్ల విలువలకు హాని కలిగించే జాతివారినిగాని, దేశీయులనుగాని ఒక పేటలోకి ప్రవేశపెట్టడానికి సభ్యుడు సాధనము కారాదు. గమనించండి, ఇది నీతి పేరిట వ్రాసిన మాట. మోసము చేయరాదు అన్న వాక్యము ఉన్న పుస్తకములోనే ఈ వాక్యమూ ఉన్నది. అంతకు మూడేళ్ల ముందే షికాగో మండలి, శ్వేతజాతి వీధిలో నల్లజాతివారికి ఇల్లు అమ్మిన సభ్యుని వెలివేయడానికి తీర్మానించినది.

కాలిఫోర్నియా మొదటి లైసెన్సు చట్టము చేసిన 1917లోనే సుప్రీము కోర్టు లూయివిల్ నగరపు కేసులో ఒక గొప్ప తీర్పు చెప్పినది: ఏ జాతివారు ఏ వీధిలో ఉండాలో నగరపాలక సంఘము శాసించరాదు. నగరపాలక సంఘము చేయరాని పనిని, లైసెన్సు పొందిన మధ్యవర్తి, తరగతిలో నేర్చుకున్న వృత్తిధర్మముగా, మరి యాభై ఏళ్లు చేసినాడు.

మనవారి ప్రస్తావన కూడా ఇక్కడ కొంత ఉన్నది. ఈ పాఠ్యక్రమము రూపుదిద్దుకున్న 1923లోనే భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీము కోర్టు భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని చెప్పినది. పౌరసత్వానికి అర్హత లేనివారు సాగుభూమి కొనరాదని కాలిఫోర్నియాలో అప్పటికే చట్టము ఉన్నది. అక్కడ చెమటోడ్చి తోటలు పెంచిన పంజాబు రైతులు తమ భూమిని ఇతరుల పేర్ల మీద ఉంచుకుని బ్రతకవలసి వచ్చినది. 1946లో గాని భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకోలేదు. ఈనాడు డల్లాసులోను, న్యూజెర్సీలోను మన తెలుగువారు ఇళ్లు కొంటున్నారు, అమ్మిపెడుతున్నారు కూడా. ఆ గుమ్మము ముందు ఇంత చరిత్ర ఉన్నది.

తిరిగి పాఠము వద్దకు వద్దాము. 1933లో హోమర్ హోయ్ట్ అనే పండితుడు షికాగో నగరములో నూరేళ్ల భూమి విలువలను గురించి ఒక ఉద్గ్రంథము వెలువరించినాడు. అంకెల విషయములో ఈనాటికీ గౌరవించదగిన పుస్తకము. అందులోనే భూమి విలువ మీద చూపే ప్రభావము ప్రకారము జాతులను వరుసగా పేర్చిన ఒక జాబితా ఉన్నది. పైన ఆంగ్లేయులు, జర్మనులు, స్కాట్లాండువారు, ఐరిషువారు. క్రిందికి దిగుతూ పోలండువారు, గ్రీకులు, రష్యా యూదులు, దక్షిణ ఇటలీవారు. అట్టడుగున నల్లజాతివారు, మెక్సికనులు. ఆ వరుస ఆయన పరిశోధించి కట్టినది కాదు, ఒక బ్రోకరు చెప్పినది. అయినా మదింపు పుస్తకాలలో అది ఇరవై ఏళ్ల తరువాత కూడా అచ్చు అవుతూ వచ్చినది. 1934లో ఇళ్ల అప్పులకు పూచీ పడడానికి ఫెడరల్ ప్రభుత్వము ఒక శాఖను ఏర్పరచినప్పుడు ఫిషర్, బాబ్‌కాక్, హోయ్ట్ ముగ్గురూ అందులో పెద్ద ఉద్యోగాలలో చేరినారు. మదింపు నిబంధనల పుస్తకము బాబ్‌కాక్ పర్యవేక్షణలో తయారైనది. సాయంకాలపు తరగతిలోని పాఠము ఇప్పుడు సర్కారు ఉత్తరువైనది. నల్లజాతి కుటుంబాలు ఉన్న పేటలకు అప్పు పూచీ దొరకలేదు. పూచీ లేదు గనుక అప్పు లేదు. అప్పు లేదు గనుక ఇళ్లు మరమ్మతు లేక శిథిలమైనవి. శిథిలమైనవి గనుక, చూచినారా, విలువ పడిపోయినది అన్నారు. పాఠము తన నిదర్శనాన్ని తానే పుట్టించుకున్నది!

వ్యాపారుల మండలులలో నల్లజాతి బ్రోకర్లకు ప్రవేశము ఉండేది కాదు. వారు 1947లో ఫ్లారిడాలోని టాంపా నగరములో తమ సొంత జాతీయ సంఘాన్ని స్థాపించుకుని ‘రియల్టిస్టు’ అన్న పేరు పెట్టుకున్నారు. వారి లక్ష్యము, ఇల్లు కొనే హక్కులో ప్రజాస్వామ్యము. ఆ మరుసటి సంవత్సరమే సుప్రీము కోర్టు జాతి ప్రాతిపదిక మీద వ్రాసుకున్న దస్తావేజు షరతులను న్యాయస్థానాలు అమలు జరపరాదని తీర్పు చెప్పినది. 1950లో పెద్ద సంఘము తన నియమావళి నుంచి జాతి అన్న మాటను తీసివేసినది. మాట పోయినది గాని అలవాటు పోలేదు.

ఆ పాఠము సత్యమేనా అని లెక్కలు తీసి చూచినవాడు లుయీజీ లారెంటీ. 1960లో వెలువడిన ఆయన గ్రంథము శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండు, ఫిలడెల్ఫియా నగరాలలో వేలకొలది క్రయవిక్రయాలను పరిశీలించినది. నల్లజాతి కుటుంబాలు వచ్చిన పేటలను, రాని పేటలతో పోల్చి చూస్తే, నూటికి 41 సందర్భాలలో చెప్పుకోదగిన తేడా లేదు. 44 సందర్భాలలో వారు వచ్చిన పేటలలోనే ధరలు మెరుగు. 15 సందర్భాలలో మాత్రమే తగ్గుదల. దాదాపు నలభై ఏళ్లుగా తరగతులలో చెప్పిన సూత్రము పరీక్షకు పెట్టగానే తేలిపోయినది.

1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారము రోజులకే, ఇళ్ల విషయములో వివక్షను నిషేధించే చట్టము వచ్చినది. చట్టము మారినా పుస్తకము మారలేదు. అందుకని 1976లో అమెరికా న్యాయశాఖ ఒక విచిత్రమైన దావా వేసినది. ప్రతివాదులు ఇల్లు అమ్మ నిరాకరించినవారు కారు. ఇళ్లకు విలువ కట్టేవారి వృత్తి సంఘాలు, అప్పులిచ్చే సంస్థల సంఘాలు. మదింపుదారుల సంస్థ మీద అభియోగము, అది తన పాఠాలలోను, గ్రంథాలలోను జాతి వల్ల విలువ తగ్గునని బోధిస్తున్నదని. 1977లో ఆ సంస్థ రాజీకి వచ్చినది: పేటలో ఒకే జాతి ఉంటేనే గరిష్ఠ విలువ అన్న అభిప్రాయము అనుచితమని ఒప్పుకుని, పాఠ్యవిషయాన్ని సవరించడానికి అంగీకరించినది. ఒక పాఠము న్యాయస్థానపు బోను ఎక్కడము నా దృష్టిలో ఈ కథ అంతటిలోకి ముఖ్యమైన ఘట్టము. దీనిని చరిత్ర పుస్తకాలు రెండు వాక్యాలతో దాటిపోవడము నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఈలోగా రాష్ట్రాలు ఒకటొకటిగా లైసెన్సుకు చదువు తప్పనిసరి చేసినవి. చదువు తప్పనిసరి కాగానే పాఠశాలలు పుట్టగొడుగులవలె లేచినవి. అప్పుడు పుట్టినది బోధకుని యోగ్యత ప్రశ్న. ఫ్లారిడాలో బోధకునికి వేరే పర్మిట్టు ఏర్పడినది. ఉత్తర కరొలైనాలో బోధకుడు కాదలచినవాడు తాను బ్రోకరు లైసెన్సు కలిగి ఉండవలెను, కొంత కళాశాల చదువు, వృత్తిలోనో బోధనలోనో అనుభవము చూపవలెను, కొత్త బోధకుల శిక్షణకు హాజరు కావలెను, తాను పాఠము చెబుతుండగా తీసిన వీడియోను అధికారులకు సమర్పించవలెను. బోధకులు కూడా తమ సంఘము పెట్టుకుని, వ్రాత పరీక్షతో పాటు బోధన తీరును కూడా పరిశీలించి ఇచ్చే బిరుదు ఒకటి నెలకొల్పుకున్నారు. పెద్దవారికి పాఠము చెప్పే పద్ధతి వేరు, ఉపన్యాసము దంచితే చాలదు అని వీరు పట్టుబట్టడము మెచ్చుకోదగిన విషయము. మైక్రోఫోను ముందు ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్న నాకు ఆ బాధ తెలుసును.

అయితే ఈ నిబంధనల బరువు ఎక్కువగా ఎక్కడ పడినదో చూడండి. ఎన్నేళ్లు అమ్మినావు? ఏమి చదివినావు? గొంతు వినబడుతున్నదా? శిష్యులు ఎందరు ప్యాసైనారు? ఫిషర్, బాబ్‌కాక్ ఈ ప్రశ్నలన్నిటికీ చక్కని జవాబులు చెప్పగలవారే. గదిలో తలుపు మూసిన తరువాత ఏమి చెబుతున్నాడన్నది ఎవరు విన్నారు?

విన్నవారు పత్రికా రచయితలు. న్యూయార్కు నగరానికి తూర్పున ఉన్న లాంగ్ ఐలెండులో ‘న్యూస్‌డే’ దినపత్రిక మూడేళ్లు శ్రమించి 2019 నవంబరులో ఒక పరిశోధన ప్రకటించినది. ఆదాయము, అవసరము ఒకేవిధముగా ఉన్నట్లు చెప్పుకునే ఇద్దరిని, ఒకరు శ్వేతజాతి, మరొకరు ఇతర జాతి, ఒకే బ్రోకరు వద్దకు పంపి, రహస్యముగా కెమెరాలతో నమోదు చేసినారు. అటువంటి 86 పరీక్షలలో, ఆసియావారికి నూటికి 19 సార్లు, హిస్పానిక్ జాతివారికి 39 సార్లు, నల్లజాతివారికి 49 సార్లు అసమానమైన మర్యాద ఎదురైన ఆధారాలు దొరికినవి. వీరందరూ లైసెన్సు ఉన్నవారే. రెండేళ్లకొకసారి తప్పనిసరిగా వినవలసిన 22½ గంటల పాఠాలలో 3 గంటలు వివక్ష నిషేధ చట్టాన్ని గురించి విన్నవారే. అప్పుడు విలేఖరులు ఆ 3 గంటల తరగతులలోకి కూడా వెళ్లి కూర్చున్నారు. వారు తెచ్చిన వివరాలు చూచిన చట్ట నిపుణులు తలపట్టుకున్నారు. పాఠము పలుచన, కొన్నిచోట్ల చట్టమే తప్పుగా చెప్పినారు. బోధకులందరూ రాష్ట్ర ప్రభుత్వపు ఆమోదము పొందినవారే.

ఆ వేడిలో 2020లో న్యూయార్కు రాష్ట్రము ఒక నియమము చేసినది. వివక్ష నిషేధాన్ని గురించిన ప్రతి పాఠాన్నీ, బొమ్మతోను ధ్వనితోను సహా, మొదటి నుంచి చివరి దాకా నమోదు చేసి ఏడాదిపాటు భద్రపరచవలెను. తరువాతి చట్టాలతో తొలి చదువు 75 గంటల నుంచి 77 అయినది. ఆ అదనపు 2 గంటలు మనకు తెలియకుండా మన మనసులో దాగి ఉండే పక్షపాతాన్ని గురించి. అదే 2020 నవంబరులో జాతీయ సంఘము అధ్యక్షుడు చార్లీ ఆప్లర్, నల్లజాతివారి విషయములో తమ సంఘము గతములో చేసిన దానికి బహిరంగముగా క్షమాపణ చెప్పినాడు. 1924 నాటి నిబంధనకు అప్పటికి 96 ఏళ్లు.

మన దేశములో స్థిరాస్తి నియంత్రణ చట్టము 2016లో వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఆ చట్టము పరిధిలోని ప్రాజెక్టులలో స్థలాలు, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు నియంత్రణ సంస్థ వద్ద నమోదు కావలసి ఉన్నది. చదువు మాట ఆ చట్టములో లేదు. మహారాష్ట్ర సంస్థ మాత్రము 2023లో ఒక అడుగు ముందుకు వేసి, ఏజెంట్లు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, యోగ్యతాపత్రము తీసుకోవాలని ఉత్తరువు చేసినది. బొంబాయిలోను, పూనాలోను ఇల్లు అద్దెకు అడిగినవారిని ముందు ఇంటిపేరూ, తినే తిండీ అడగడము ఎరుగనివారు లేరు. ఆ శిక్షణ తరగతిలో ఈ సంగతిని గురించి ఏమి చెబుతున్నారో ఒకనాడు వెళ్లి వెనుక బెంచీ మీద కూర్చుని వినాలని నాకు ఉన్నది.